సంత ఊళ్లో పాత ఇల్లు

బుధవారం.

మధ్యాహ్నం సెలవు పెట్టి బరీ సెయింట్ ఎడ్మండ్స్‌లో అమ్మకానికి వచ్చిన ఇల్లు చూసొచ్చాం. ఇంగ్లండ్ తూర్పున సఫోక్‌లో ఉన్న పాత సంత ఊరిది. ఇప్పటికీ బుధ, శనివారాల్లో నడిబొడ్డున సంత జరుగుతుంది. కారు దూరంగా పెట్టి కూరగాయల దుకాణాల మధ్య నుంచి నడిచాం. ఈ వీధుల్ని 11వ శతాబ్దంలో ఇక్కడి క్రైస్తవ మఠానికి అధిపతి అయిన బాల్డ్విన్ గళ్లుగళ్లుగా వేయించాడు. మఠం 1539లో మూతపడింది, దాని రాళ్లు ఊరివాళ్ల గోడల్లోకి చేరాయి. పడమటి ముఖద్వారం శిథిలాల్లోనైతే ఏకంగా ఇళ్లే కట్టేసుకున్నారు. ఆ మొండిగోడల మధ్య కిటికీలు, తలుపులు చూసి కాసేపు అక్కడే నిలబడిపోయాను.

మేం చూసింది విక్టోరియా రాణి కాలం నాటి ఇల్లు. గోడకి గోడ ఆనుకుని వరసగా ఉన్నవాటిలో ఒకటి. గుమ్మం దాటితే ఫుట్‌పాతే. అరుగు లేదు, ముగ్గుకి జాగా లేదు. కింద రెండు గదులు, వెనక వంటిల్లు, పైన రెండు పడకగదులు, సన్నగా పొడుగ్గా పెరడు. పక్కింటివాళ్లు చెత్తడబ్బాల్ని ఈ పెరట్లోంచే బయటికి తీసుకెళ్లే హక్కు దస్తావేజుల్లో రాసి ఉందట. మా ఆయన మొహం చిట్లించారు. నాకు మాత్రం అది నచ్చింది. ఈ దేశంలో నెలల తరబడి పక్కింటి మనిషి మొహం చూడకుండా బతకొచ్చు, ఇక్కడ అలా కుదరదు.

ఇల్లుగలావిడ పెద్దావిడ. పిల్లలు ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు, ఆవిడకి మెట్లెక్కడం కష్టమైంది. ఏజెంట్ వంటింటి గురించి చెబుతుంటే, ఆవిడే ముందుగదిలో బీరువా పక్కకి జరిపించి గోడ మీద చెమ్మ మచ్చ చూపించింది. దాచకుండా చూపించినందుకు ఆవిడ మీద గౌరవం కలిగింది.

బయటికి రాగానే కాకినాడలో నాన్నకి వీడియో కాల్ చేశాను. తాతగారి డంగుసున్నం ఇంటికి మరమ్మతులు చేయించిన మనిషి. "తల్లీ, ఫోను బయటి గోడ వైపు తిప్పు" అన్నారు. చెమ్మ ఉన్నచోట ఇటుకల సందుల్లో ఎవరో సిమెంటు కూరారు, మిగతా చోట్ల పాత సున్నమే ఉంది. "అదే రోగం. పాత గోడ తాగిన నీళ్లు సున్నంలోంచి ఆరిపోవాలి. సిమెంటు దారి మూసేస్తే చెమ్మ లోపలికే వస్తుంది. గీకించి మళ్లీ సున్నమే పెట్టించండి" అన్నారు. ఇవి మధ్యలో ఖాళీ లేని తొమ్మిదంగుళాల గోడలు, కొత్త ఇళ్ల జంటగోడల లెక్క వీటికి పనికిరాదు. ఇల్లు పరీక్షించే సర్వేయర్ చేత లోతైన రిపోర్టే రాయించాలి, పైపై చూపు చాలదు.

ఊరి చివర కొత్త కాలనీలో ఇళ్లు వెచ్చగా ఉంటాయి, కారుకి చోటుంటుంది. కానీ పాల ప్యాకెట్టుకీ కారే తియ్యాలి. ఇక్కడైతే సంత, స్టేషన్, మఠం తోట, పిల్లాడి బడి అన్నీ నడిచి వెళ్లేంత దూరమే. నాకు ఈ ఇల్లే కావాలి. ధర మూడు లక్షల పౌండ్ల లోపు, మాకిది మొదటి ఇల్లు, కాబట్టి స్టాంపు డ్యూటీ ఉండదు. టెన్షన్ అల్లా కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ సంతకాలు చేసిన కాంట్రాక్టులు ఇచ్చిపుచ్చుకునే దాకానే. ఇంగ్లండులో అప్పటివరకూ ఎవరైనా మాట వెనక్కి తీసుకోవచ్చు, ఇంకొకరు ఎక్కువిస్తామంటే బేరం పోవచ్చు.

రేపు ఏజెంట్‌కి ధర చెప్పాలి. ముందు బాగా తగ్గించి అడుగుదామంటారు మా ఆయన. గోడ పనికి ఎంతవుతుందో అంతే తగ్గించమందాం అంటాను నేను. బీరువా జరిపి చూపించిన మనిషి దగ్గర అంతకంటే బేరమాడటానికి నాకు మనసొప్పడం లేదు.