దేవరకొండ దారిలో రాళ్ల పెట్టెలు

సాగర్ రోడ్డులో మాల్ దాటాక బత్తాయి తోటలు, మధ్యమధ్య గ్రానైటు గుట్టలు. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి రాళ్లు. "ఇంత పాత రాళ్లల్లో భూకంపాలేం వస్తాయిలే" అన్నాను. "ఎప్పుడో పగిలినవి లెక్కలోకి రావా ఏంట్రా?" అన్నాడు కారు నడుపుతున్న జియాలజిస్టు మిత్రుడు.

దేవరకొండ దాటాక ఓ రేకుల షెడ్డు, నిండా కోర్ పెట్టెలు. వజ్రాలు పొదిగిన, చేతిగాజులా గుండ్రటి డ్రిల్లు బిట్ రాయిని చుట్టూ కోసుకుంటూ దిగితే, మధ్యలో మిగిలే కడ్డీనే కోర్ అంటారు. "మా బోర్లల్ల అయితే పిండే వస్తది సార్" అన్నాడు కాపలా తాత.

మిత్రుడు ఓ కడ్డీ మీద నీళ్లు పోశాడు. రాయి తేటపడింది. ఎపిడోట్ అనే ఖనిజం నిండిన పిస్తా రంగు గీతను కాల్సైట్ అనే మరో ఖనిజపు తెల్లటి గీత కోసుకుంటూ పోయింది. కోసిన చోట పచ్చ గీత తెగి వేలెడు మందం పక్కకు జరిగింది. తెగింది ముందుది, కోసింది తర్వాతది. ఎన్నేళ్ల కిందటివో తేల్చాలంటే ల్యాబ్‌కు పోవాల్సిందే. ఏ దిక్కుకు జరిగిందో చెప్పడమూ కష్టమే. పైకి తీసేటప్పుడు కడ్డీ తిరిగిపోతుంది, బోరు గోడల ఫోటోలతో పోల్చి చూసుకోవాలి.

ఇంకో పెట్టెలో రాయి ముక్కలై, నలిగి, చివరికి బూడిదరంగు మట్టయింది. ఆ తర్వాత గడి ఖాళీ. చెక్కముక్క మీద 'కోర్ లాస్' అని రాసుంది, అంటే అక్కడ కోర్ దొరకలేదని. డ్రిల్లర్లకు తలనొప్పి తెచ్చే ఆ చోటే మావాడు గొంతుక్కూర్చున్నాడు. ఫాల్ట్ అంటే రెండు పక్కల రాళ్లు ఒకదానిమీద ఒకటి జారిన పగులు. అది జారిన చోట రాయి మెత్తబడుతుంది, డ్రిల్లింగు నీళ్లకు ముందు కొట్టుకుపోయేదీ అదే. ప్రతి ఖాళీ ఫాల్ట్ కాదు, బిట్ తేడా చేసినా కోర్ పోతుంది. రెండువైపులా నలుగుడు పెరుగుతూ వస్తే మాత్రం అనుమానించాల్సిందే. కాలిఫోర్నియాలో సాన్ ఆండ్రియాస్ ఫాల్ట్ నుంచి 2007లో సుమారు 2.7 కిలోమీటర్ల లోతు కోర్ తీస్తే, జారే చోట సాపొనైట్ అనే జారుడు బంకమట్టి దొరికింది.

కరిగి గడ్డకట్టిన నల్లరాయి కోసం కూడా వెతికాను. భూకంపం వేళ రాపిడి వేడికి సెకన్లలో పుడుతుందట. ఇక్కడ కనబడలేదు. 1967లో కంపించిన మహారాష్ట్రలోని కోయనాలోనూ బసాల్టు కింద ఇలాంటి గ్రానైటే ఉంది, అక్కడ 3 కిలోమీటర్ల పైలట్ బోరు, అంటే ముందస్తు పరీక్ష బోరు వేశారు.

బయల్దేరుతుంటే తాత అడిగాడు: "మా చెల్కల ఏడ బోరేస్తే నీళ్లు పడ్తయ్ సార్?"

"పగుళ్లున్న చోట చూడు తాతా. గిసుంటి మట్టి తగిల్తే నీళ్లు కష్టం. పడ్డా ఫ్లోరైడ్ పరీక్ష చేయించు" అన్నాడు మావాడు.