బాతూర్ కొండ మీద నల్లరాయి

బాలీలో విమానం దిగినప్పటి నుంచి చెయ్యి జేబులోకి పోతూనే ఉంటుంది. వీసాకు 5 లక్షల రుపియాలు, టూరిస్టు పన్ను అని ఇంకో లక్షన్నర. మన లెక్కలో రెండూ కలిపితే మూడున్నర వేల దాకా అవుతుంది. అది ఆ దేశం పెట్టిన రూలు, సరే. నాకు ఒళ్ళు మండింది మాత్రం బాతూర్ అనే అగ్గికొండ దగ్గర. ఎక్కాలంటే అక్కడి గైడును పెట్టుకోవాల్సిందే, లేకపోతే కిందే ఆపేస్తారు. వ్యాను, గైడు, టిఫిను కలిపి తలకు ఇంకో మూడు వేల పైచిలుకు. అలిపిరిలో 3,550 మెట్లు ఎక్కేవాణ్ణి దేవస్థానం ఒక్క పైసా అడగదు, లగేజీ కూడా ఊరికే పైకి చేరుస్తుంది. కొండ ఎక్కడానికి డబ్బు కట్టమంటే తిరుపతివాడికి ఎట్లా మనసొప్పుతుంది?

"కట్టేయ్ బామర్దీ, ఇంత దూరం వచ్చి బేరాలేంది" అన్నాడు మా బావ. ఆయన చిత్తూరు దగ్గర ఒక గ్రానైటు ఫ్యాక్టరీలో చాన్నాళ్ళుగా పని చేస్తున్నాడు. ఆయనకు బీచీలు పట్టవు, గుళ్ళయినా రాయి చూడ్డానికే. ఆయన కోసమే ఈ కొండ పెట్టుకున్నాం.

రాత్రి రెండు గంటలకు ఊబుద్‌లో వ్యాన్ ఎక్కించి, నాలుగింటికి కొండ కింద దించారు. మా గైడు పాతికేళ్ళ అమ్మాయి. నడక మొదలయ్యే ముందు కొబ్బరాకుతో అల్లిన చిన్న పళ్ళెంలో పూలు, అగరొత్తి పెట్టి దణ్ణం పెట్టుకుంది. బావ కూడా చెప్పులు విడిచి, "గోవిందా" అని ఒక దణ్ణం పెట్టాడు.

ముందు టమేటా మళ్ళు, ఉల్లి మళ్ళు. అగ్గికొండ బూడిద కలిసిన మట్టి, పంట బాగా వస్తుందంట. టార్చి వెలుగులో ఆ టమేటా మొక్కలు చూస్తే మదనపల్లె పక్క పొలాలు గుర్తొచ్చాయి. తర్వాత చెట్లు పలచబడి, కాళ్ళ కింద అంతా నల్లటి గుల్లరాయి. అడుగు వేస్తే సగం అడుగు వెనక్కి జారుతుంది. మన మోకాళ్ళ పర్వతం ఎంత నిటారుగా ఉన్నా మెట్టు కదలదు, కాలికి ధైర్యం ఉంటుంది. ఇక్కడ ఆ ధైర్యం లేదు. సముద్రమట్టం నుంచి కొండ ఎత్తు 1,717 మీటర్లు, కింద చెరువే వెయ్యి మీటర్ల పైన ఉంది కాబట్టి రెండు గంటల్లో పైకి చేరిపోయాం.

సూర్యోదయం గురించి రాయను, ఫోన్లలో అందరూ చూసిందే. ఎదురుగా ఆగుంగ్ కొండ, కింద చెరువు, చుట్టూ గోడ కట్టినట్టు పెద్ద గట్టు. 29 వేల ఏళ్ళ కింద పాత కొండ కుంగిపోతే మిగిలిన అంచు అది. బాతూర్ దాని మధ్యలో మళ్ళీ పుట్టింది. రాళ్ళ సందుల్లోంచి ఆవిరి వస్తుంటే, గైడు అందులో గుడ్లు, అరటిపళ్ళు పెట్టి ఉడికించింది. ఆ చలికి ఆ గుడ్డు ఎంత బాగుందో! దాని ముందు మిగతా టిఫిన్ అంతా దండగ.

బావకు ఇవేవీ పట్టలేదు. ఒక రాయి చేతిలోకి తీసుకుని తూకం చూశాడు, గోటితో గీకాడు, ఎండకు తిప్పాడు.

"ఇది కోతకు రాదు. అంతా బొక్కలు. రంపం కింద పెడితే పొడైపోతాది. కానీ రంగు మాత్రం మన నల్లరాయే బామర్దీ!"

రాళ్ళ పుస్తకాల పిచ్చి నాకు ఎప్పటినుంచో ఉంది, కాబట్టి నాకు నోరు ఆగలేదు. చిత్తూరు జిల్లాలో నల్ల గ్రానైట్ అని అమ్మేదాంట్లో చాలావరకు నిజానికి గ్రానైటు కాదు, డోలరైటు. భూమి లోపల కరిగిన రాయి పగుళ్ళలోకి ఎగదన్ని, పైకి రాకుండా లోపలే నిదానంగా చల్లారింది. అందుకే గట్టిపడి, సన్నటి పలుకులు కట్టి, పాలిష్‌కు అద్దంలా మెరుస్తుంది. బాతూర్‌లో అదే జాతి కరుగు బయటికొచ్చి గాలి తగిలి గబగబా గడ్డకట్టింది. లోపలి గ్యాసు బుడగలు బుడగలుగా మిగిలిపోయి ఈ బొక్కలయ్యాయి. "అంటే మీ అక్క వంటింటి గట్టు కూడా ఇట్లాంటి అగ్గే?" అన్నాడు బావ. అవునంటే చాలాసేపు మాట్లాడలేదు.

కింద నల్లగా పరుచుకున్న లావా మైదానం చూపించి గైడు తేదీలు చెప్పింది. అది 1963ది, ఆ పక్కది 1968ది. 1926లో వచ్చిన లావా వాళ్ళ ముత్తాతల ఊరిని, గుడిని కప్పేస్తే, ఊరంతా గట్టు మీదికి చేరి అక్కడే మళ్ళీ గుడి కట్టుకున్నారంట. పుస్తకం చూడకుండా, సొంత ఇంటి సంగతిలా చెప్పింది. గైడు డబ్బుల మీద నా కోపం అక్కడ సగం తగ్గింది. మన తిరుమల మొదటి ఘాట్ రోడ్డు 1944లో వేశారు. ఆ మైదానంలోని రాయి వయసులో దానికంటే చిన్నది!

మిగతా రోజులు, ఆయుంగ్ నదిలో రాఫ్టింగ్, తానా లాట్ గుడి, పెరుగన్నం దొరకని హోటళ్ళు, ఏవీ నాకు అంతగా పట్టలేదు. కొండ దిగాక వేడినీళ్ళ గుండంలో మునగడానికి టికెట్టు ధర చూసి మాత్రం వెనక్కొచ్చేశాం.

ఊరికొచ్చాక బావను తిరుమల కొండకు తీసుకెళ్ళాను, దర్శనానికి, దాంతోపాటు ఘాట్ రోడ్డు పక్క రాతిగోడ చూపించడానికి. కింద 210 కోట్ల ఏళ్ళకు పైబడిన గ్రానైటు, దాంట్లో బావ కోసే డోలరైటు లాంటి నల్ల చారలు. దాని మీద 160 కోట్ల ఏళ్ళ నాటి నగరి క్వార్ట్‌జైటు, అంటే గట్టిపడిన ఇసుకరాయి, పొరలు. రెండింటి మధ్య 50 కోట్ల ఏళ్ళ లెక్క చెప్పడానికి అక్కడ ఒక్క పొర కూడా లేదు, ఉన్నదంతా అరిగి కొట్టుకుపోయింది. జియోలాజికల్ సర్వే దాన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా ప్రకటించింది. బస్సు మలుపు తిరిగినంతసేపు కనిపించి పోయింది. బావ సీట్లోంచి లేచి వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు.

"ఆపమను బామర్దీ."

"ఇక్కడ ఆపరు బావా."

పైన శిలాతోరణం దగ్గర కంచె ఉంది, జనం ఆగి ఫోటోలు తీసుకుంటారు. ఈ గోడ దగ్గర కూడా రోడ్డుకు అడ్డం రాకుండా నాలుగు బండ్లు ఆగే జాగా, తెలుగులో పెద్దక్షరాల బోర్డు, ఆ బాలీ అమ్మాయిలా తేదీలు నోటికి చెప్పే మనిషి ఒకరు కావాలి. టికెట్టు పెట్టినా కట్టి చూస్తాను. అంతవరకు ఊళ్ళోంచే చూడండి. కొండ కింది భాగం ఏటవాలుగా, చెట్లతో ఉంటుంది, అది గ్రానైటు. పైన ఎర్రగా గోడలా నిలబడ్డది క్వార్ట్‌జైటు. రెండూ కలిసే గీతను బావ ఇప్పుడు చిత్తూరు నుంచి వచ్చినప్పుడల్లా మా మిద్దె మీదికెక్కి పిల్లలకు చూపిస్తున్నాడు.