రొయ్యల సుంకం, వాషింగ్టన్ ఫైళ్లు

అమెరికాలో అధ్యక్షుడు మారితే మన రొయ్యకి మంచి రోజులొస్తాయని విడవలూరు వైపు చెరువుల దగ్గర ఇంకా చాలామంది నమ్ముతున్నారు. నేను నమ్మను. మన రొయ్యల మీద యాంటీ డంపింగ్ సుంకం, అంటే మరీ తక్కువ ధరకి తెచ్చి అమ్ముతున్నారని వేసే సుంకం, పడింది 2005లో, బుష్ హయాంలో. తర్వాత ఒబామా, ట్రంప్, బైడెన్, మళ్లీ ట్రంప్ వచ్చారు, మధ్యలో 2008లో అణు ఒప్పందం కుదిరింది, మనల్ని వ్యూహాత్మక భాగస్వామి అన్నారు, అయినా ఆ సుంకం ఉత్తర్వు పోలేదు. ఎందుకంటే దాన్ని రోజూ నడిపేది వైట్‌హౌస్ కాదు. అక్కడి రొయ్యల వేట సంఘాలు పిటిషన్ వేస్తాయి, వాణిజ్య శాఖ రివ్యూలు చేసి రేటు కడుతుంది, ఐదేళ్లకోసారి అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ కూడా కూర్చుని కొనసాగించాలా వద్దా అని చూస్తుంది.

పొత్తులూ అంతే. అధ్యక్షుడు తనంతట తాను నాటో సైనిక కూటమి నుంచి బయటికి రాకుండా 2023 డిసెంబరులో కాంగ్రెస్ ఏకంగా చట్టమే చేసింది.

అలాగని అధ్యక్షుడి చేతిలో ఏమీ లేదనను. 2025 ఆగస్టులో ట్రంప్ సంతకాలతోనే మన సరుకుల మీద అదనపు సుంకాన్ని 50 శాతానికి తీసుకెళ్లారు, అప్పుడు మా వైపు 40 కౌంట్ దాకా (కిలోకి 40 రొయ్యలు తూగే సైజు) పెంచుదామనుకున్న వనామీ రొయ్యని భయంతో ఇంకా చిన్నగా ఉండగా 70 కౌంట్‌కే పట్టేసిన రైతులున్నారు, చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్ల కరెంటు బిల్లు, మేత బాకీ అలాగే ఉండగానే. ఆ టెన్షన్ కళ్లారా చూశాను. కానీ సంతకంతో వేసింది సంతకంతో పోవచ్చు, 2005 నాటిది అలా పోదు. అందుకే ఢిల్లీలో వాణిజ్య ఒప్పందం మాట వచ్చినప్పుడల్లా ఈ పాత ఫైలు సంగతేంటని మన ఎంపీలని అడగండి.