గుప్పెడు బియ్యం

బుధవారం. సెలవు పెట్టి గుంటూరులో నాన్న దగ్గరే ఉన్నాను. వంటింట్లో గోడల మీద ముక్క పురుగులు పాకుతున్నాయి. ఎక్కణ్ణుంచా అని సామానంతా దించి చూస్తే, అమ్మ గుప్పెడు బియ్యం డబ్బాలోంచి.

మా చర్చి సంఘంలో ఆడవాళ్లకి ఇది పాత అలవాటు. ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి పక్కన వేస్తారు, నెలకోసారి గుడికిస్తారు, చర్చిని మేం గుడనే అంటాం. అమ్మ పోయి తొమ్మిది నెలలు. అడుగున ఏ నాలుగు గుప్పెళ్లో ఉంటాయనుకున్నా. మూత తీస్తే అంచుదాకా ఉన్నాయి.

"ఎవరు పోశారు నాన్నా?"

ఆయన పేపర్లోంచి తలెత్తలేదు. "రోజూ వండుకుంటున్నాగా."

అమ్మ పోయాక పెట్టిన ఆదరణ కూడికలో, అదే ఓదార్పు ప్రార్థనలో, కంట తడి పెట్టని మనిషి ఈయన. ఆ రోజు నన్ను మాత్రం ఒకావిడ మందలించింది, "విశ్వాసులం, ఏడవకూడదమ్మా, అమ్మ ప్రభువు దగ్గరే ఉంది" అని. ఉంది, నేనూ నమ్ముతాను. నమ్మితే కళ్లు ఎండిపోవాలా? బైబిల్లో పౌలు థెస్సలొనీకయులకు రాసింది కూడా నిరీక్షణ, అంటే ఆశ, లేనివాళ్లలా దుఃఖపడొద్దనే కదా, అసలు ఏడవొద్దని కాదుగా.

సండేస్కూల్లో వాక్యం చెప్పమంటే బద్ధకస్తులందరం "యేసు కన్నీళ్లు విడిచెను" అనేసి కూర్చునేవాళ్లం. మూడే ముక్కలు. యోహాను 11:35. యేసు స్నేహితుడు లాజరును సమాధిలో పెట్టి అప్పటికి నాలుగు రోజులు. కాసేపట్లో తానే లేపబోతున్నాడు, ఆ సంగతి ఆయనకి తెలుసు. అయినా లాజరు తోబుట్టువు మరియ ఏడుపు చూసి తనూ ఏడ్చాడు. అక్కడున్న యూదులు, ఇతనికి నమ్మకం చాలలేదు అనుకోలేదు, అతన్నెంత ప్రేమించాడో చూడండి అనుకున్నారు. అది ఆ తర్వాతి వచనం. మేమెవరం అంతదాకా వెళ్లలేదు.

మధ్యాహ్నం డాబా మీద పాత చీర పరిచి బియ్యం ఎండబోశాం. ఎండకి పురుగులు అంచులకి పరిగెడుతున్నాయి. నాన్న గొంతుక్కూర్చుని చేత్తో కలియతిప్పుతూనే ఉన్నారు.

"నెలనెలా గుడికి ఇవ్వాల్సింది కదా?" అన్నాను.

"ఇస్తే మీ అమ్మవి కూడా వెళ్లిపోతాయి కదమ్మా" అన్నారు. ఇంకేం అడగలేదు నేను.

సాయంత్రం చెరిగాను. ఏ గింజ అమ్మదో ఏది ఆయనదో ఇప్పుడెవరికి తెలుసు. ఆదివారం ఇచ్చేద్దామని ఆయనే అన్నారు, ఆయనే సంచీలోకి వంపారు. అడుగున కాసిని ఆపి, మూత గట్టిగా నొక్కి, డబ్బా మళ్లీ పొయ్యి పక్కనే పెట్టారు.