పప్పు ఉడకని చోట

మన పాఠశాల వసతిగృహంలో భోజనం గురించి ఫిర్యాదులు రాసుకోవడానికి ఒక నోటుపుస్తకం ఉండేదని, దానిని వంటగది తలుపు పక్కన పురికొసతో కట్టి వేలాడదీసేవారని మా బ్యాచ్ వారికి గుర్తుండే ఉంటుంది. పదో తరగతిలో నేను అందులో "పప్పులో పప్పు కనిపించడం లేదు" అని రాసి, కింద దర్జాగా సంతకం పెట్టాను. ఆ వాక్యానికి నేనే జవాబు చెప్పుకోవలసిన రోజు, చాలా ఏళ్ళ తరువాత, అమెరికా పశ్చిమాన మోంటానా కొండల్లో వచ్చింది.

అక్కడ చదువుకుంటున్న రోజుల్లో ఒక వేసవిని బాబ్ మార్షల్ అనే వన్యప్రాంతంలో గడిపాను. విద్యార్థి వీసా మీద ఉన్నవాడు బయట జీతానికి కుదరరాదు కనుక, కాలిబాటలు బాగుచేసే తొమ్మిదిమందికి వండిపెట్టే స్వచ్ఛంద సేవకుడిగా చేరాను. నాకు వంట వచ్చని వాళ్ళు ఎలా నమ్మారో తెలియదు. భారతీయుడు కదా, వచ్చే ఉంటుందనుకున్నారేమో.

సుమారు 10 లక్షల ఎకరాల ఆ అడవిలో ఒక్క రోడ్డు కూడా లేదు. 1964 నాటి వన్యప్రాంతాల చట్టం ప్రకారం అక్కడ మోటారు వాహనాలే కాదు, యంత్రపు రంపాలు, చివరికి తోపుడుబండి సైతం నిషిద్ధం. బాటకు అడ్డంగా పడిన మానులను ఇద్దరు చెరోవైపు నిలబడి లాగే పొడవాటి రంపంతోనే కోయాలి. సామాను బెంచ్‌మార్క్ అనే చోట రోడ్డు ఆగిపోయిన దగ్గరి నుంచి కంచరగాడిదల మీద రావలసిందే. ఒక్కొక్కటి దాదాపు 150 పౌండ్లు మోస్తుంది గాని, రెండు వైపులా బరువు కావడి కుండల్లా సరితూగకపోతే జీను పక్కకు జారిపోతుంది. అందుచేత గాడిదల్ని తోలే పెద్దాయన స్ప్రింగు త్రాసు పట్టుకుని, నా బియ్యపు మూటకు ఎదురు ఎన్ని టమాటా డబ్బాలు కట్టాలో తూచి చూసేవాడు. కోడిగుడ్లు మాత్రం గాడిదల దాణా మధ్యలో భద్రంగా ఒదిగి వచ్చేవి.

మొదటి వారమే నాకు బుద్ధి పుట్టి, సియాటిల్‌లో కొని దాచుకున్న కందిపప్పు వండాను. మా విడిది సుమారు 7,000 అడుగుల ఎత్తున ఉంది. అక్కడ నీళ్ళు దాదాపు 93 డిగ్రీలకే మరిగిపోతాయి, ఆ పైన ఎంత మంట పెట్టినా వేడి పెరగదు. ఇది భౌతికశాస్త్రంలో చదివి మార్కులు కూడా తెచ్చుకున్నవాడినే, కానీ గిన్నె ముందు కూర్చున్నప్పుడు తట్టలేదు. రెండు గంటల తరువాత కూడా పప్పు పప్పుగా, నీళ్ళు నీళ్ళుగా ఉన్నాయి. తొందరలో చింతపండు పులుసు కూడా పోసేశాను. రంపం లాగి లాగి వచ్చిన కుర్రవాడొకడు రెండు చెంచాలు తాగి, "చారు బాగుంది, ఇందులో ఈ గింజలేమిటి?" అని మర్యాదగా అడిగాడు.

ఆ రాత్రి నాకు మన వంటతాత గుర్తుకొచ్చాడు. పప్పు మెత్తబడే దాకా దానికి పులుపు చూపించకూడదని ఆయన సహాయకుణ్ణి కేకలేస్తుంటే మనం కిటికీలోంచి నవ్వుకునేవాళ్ళం. గుగ్గిళ్ళకు శనగలు ముందు రోజే నానబోసి, గుండిగ మూత మీద పొత్రం పెట్టి, ఆరిన పొయ్యిలో నివురు కప్పి వదిలేసేవాడు. నాకు పొత్రం లేదు గాని, వాగులో గుండ్రాయి దొరికింది. పప్పు రాత్రంతా నానబెట్టి, పొద్దున్న అందరూ పనికి వెళ్ళాక మందపాటి ఇనుప గిన్నెను పాత నెగడి గుంటలో దించి, కింద నిప్పులు, మూత మీద నిప్పులు వేసి, వాటి నడుమ ఆ రాయి ఎక్కించి, సాయంత్రం దాకా కనిపెట్టుకుని కూర్చున్నాను. మూత తీసేసరికి కంది గింజ వేళ్ళ మధ్య వెన్నలా నలిగింది.

తాతలా రాత్రంతా వదిలేయడానికి మాత్రం వీలు లేదు, ఎందుకంటే అది గ్రిజ్లీ ఎలుగుల అడవి. తిండి ఏదైనా ఎలుగు తెరవలేని పెట్టెలో ఉండాలి, లేదా నేల నుంచి 10 అడుగుల ఎత్తున, చెట్టు మానుకు 4 అడుగుల దూరంలో వేలాడాలి. గిన్నెలు కడిగిన నీళ్ళను బట్టలో వడగట్టి, మిగిలిన మెతుకులను కూడా పెట్టెలోనే వేసేవాణ్ణి. ఇంగువ పోపు పెట్టిన చొక్కాతో గుడారంలోకి వెళ్ళరాదు. మెతుకులు ఏరుతున్నప్పుడు, మనం పళ్ళెంలో వదిలేసిన అన్నాన్ని బకెట్లోకి ఎత్తే తాత చేతులు కళ్ళ ముందు ఆడేవి.

నాలుగున్నరకే లేచి కాఫీ కాచేవాణ్ణి. పొడిని నీళ్ళలోనే మరిగించి, పైన కాసిని చన్నీళ్ళు చల్లితే మడ్డి అడుక్కి దిగుతుంది. అప్పటికి పడమర దిక్కున, 20 మైళ్ళకు పైగా సాగే చైనీస్ వాల్ అనే సున్నపురాతి గోడ చీకటిగా నిలబడి ఉండేది. దాని ముఖం తూర్పుకే కనుక, మొదటి ఎండ పొడ దాని అంచునే తాకి, ఎర్రగా మెల్లగా కిందికి జారేది. ఆ వేళ మేలుకుని దానిని చూసేది ప్రతిరోజూ నేనొక్కణ్ణే.

వేసవి చివరికి వారానికి రెండుసార్లు పప్పన్నం పెట్టమని అడిగేవారు. గాడిదల పెద్దాయన అయితే అన్నం మానేసి, రొట్టెతో ఆ పప్పు మూడుసార్లు వేయించుకున్నాడు.

ఆ ఫిర్యాదుల పుస్తకం మన పాఠశాల బీరువాలో ఇంకా ఎక్కడైనా పడి ఉంటే, నా సంతకం ఉన్న పేజీని దయచేసి చించివేయవలసిందిగా ఈ సంచిక సంపాదకులను కోరుతున్నాను.