పాలన్నతో గొడవ కాస్తలో తప్పింది

పోయిన నెల మా అత్తయ్య చిత్తూరు నుంచి వచ్చి, బెంగళూరు మారతహళ్లిలో మా ఇంటికొచ్చే పాలు చూసి, ఇవేం పాలే, తోడేస్తే పెరుగవుతాయా అసలు అనేసరికి నాకు రోషం వచ్చి లాక్టోమీటర్ కొనేశాను. (ఆవిడకు ఎనుము పాలు అలవాటు, మావి ఆవు పాలు. ఆ ముక్క అప్పుడు తట్టలేదు.) అడుగున బరువున్న గాజు బుడ్డి, పైన సన్నటి గొట్టం, అందులో అంకెల కాగితం, అంతే. నీళ్ల కంటే పాల సాంద్రత ఎక్కువ కాబట్టి మంచి పాలలో పైకి తేలుతుంది, నీళ్లు కలిసేకొద్దీ మునుగుతుంది. 30 చూపిస్తే సాంద్రత 1.030 అన్నమాట. ఆవు పాలు మామూలుగా 28 నుంచి 32 మధ్య ఉంటాయి.

మర్నాడు పొద్దున్నే పాలన్న పోసి ఇంకా మెట్లు దిగలేదు, ముంచి చూస్తే 26! గొట్టం గ్లాసుకు ఆనుకుందేమోనని తిప్పి చూసినా అంతే.

"ఏందన్నా, నీళ్లు కలిపినావా?"

"ఇప్పుడే పిండినవి అక్కా. వేడి తగ్గనీ, నురుగు పోనీ, అప్పుడు చూడు" అన్నాడు. సాకు అనుకున్నాను. తీరా చూస్తే గొట్టం మీద చిన్న అక్షరాలతో 27 డిగ్రీల సెల్సియస్ అని ఉంది, అంటే పాలు ఆ వేడి దగ్గరుంటేనే అంకె సరిగ్గా చూపుతుందన్నమాట. పాల షెడ్డు మా వీధి చివరే, గిన్నె ఇంకా గోరువెచ్చగా ఉంది. వేడికి సాంద్రత తగ్గుతుంది, అప్పుడే పిండిన పాలలో గాలి బుడగలు కూడా అంకెను తగ్గిస్తాయి. రెండు గంటలాగి చూస్తే 29. మరుసటి రోజు పాలన్న మొహం చూడ్డానికి కూడా ఇబ్బందయింది.

ఇంతలో అత్తయ్య, "మా ఊరి పాల కేంద్రంలో ఈ ఒక్కటి చూసి డబ్బులివ్వరమ్మా, ఫ్యాట్ కూడా చూస్తారు" అంటూ రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచిన లీటరు పచ్చిపాల మీద మీగడంతా గరిటెతో తీసేసింది. చల్లదనం పోయాక చూస్తే అంకె 31కి ఎక్కింది! కొవ్వు నీళ్ల కంటే తేలిక మరి, అది పోతే మిగిలిన పాలు బరువెక్కుతాయి. తర్వాత చిన్న టీ గ్లాసుడు నీళ్లు పోసి నన్ను చూడమంది. మళ్లీ 29. మీగడా పోయింది, నీళ్లూ కలిశాయి, లాక్టోమీటర్ మాత్రం నిన్నటి మాటే చెబుతోంది.

తీసిన మీగడ నెయ్యికని డబ్బాలో దాచింది. ఆ నీళ్ల పాలతో కాఫీ మాత్రం నాకే ఇచ్చింది.