శ్రీజేష్ గోల్స్: సున్నా

పదకొండు దాటింది. నాన్న పెరుగన్నం గిన్నె బల్ల మీద అలాగే ఉంది. మూత పెట్టాను గానీ ఫ్రిజ్‌లో పెట్టలేదు, రాత్రి ఆకలేసి లేస్తాడేమో అని. లేవడు. ఆయన అలిగితే ఆయన ఆకలి కూడా అలుగుతుంది.

"తాతయ్యా, అమెరికా వాళ్లకి అసలు హాకీ వచ్చా?" అన్నాడు చిన్నోడు. ఆ ఒక్క మాటకి నాన్న లేచి వెళ్లి చెయ్యి కడుక్కున్నాడు.

ఎల్లుండి ఆగస్టు 29, హాకీ మాంత్రికుడు ధ్యాన్‌చంద్ పుట్టినరోజు. చిన్నోడి స్కూల్లో ఏడో తరగతి వాళ్లందరికీ ఒక చార్ట్ చెయ్యమని ఇచ్చారు. రేపు పొద్దున్నే ఇవ్వాలట. మా వాడు నాకు చెప్పింది ఇవాళ సాయంత్రం ఏడింటికి, నేను పప్పులో పోపు వేస్తుంటే. చార్ట్ పేరు "అప్పటి మేటి, ఇప్పటి మేటి". ఇద్దరు ఆటగాళ్ల ఫొటోలు, కింద ఒక పట్టిక. ఆడిన మ్యాచ్‌లు, కొట్టిన గోల్స్, పతకాలు, అవార్డులు. అడుగున ఒక గడి: "ఎవరు గొప్ప? ఒక్క వాక్యంలో రాయుము."

రాయుము! ఆ గడి చూసినప్పట్నుంచీ నాకు ఒళ్లు మండుతూనే ఉంది. కొలవాల్సిన వాటికి పట్టిక గీసి, కొలవలేని దానికి ఒక్క వాక్యం ఇచ్చారు. ఫొటోలు కలర్‌వే అతికించాలట, నలుపు తెలుపు తీసుకోరట. ధ్యాన్‌చంద్ ఫొటో కలర్‌లో ఎక్కణ్నుంచి తేను? సందు చివర జిరాక్స్ షాపతను ఎవరో రంగులద్దిన ఫొటో ఒకటి వెతికి పేజీ 20 రూపాయలకి ప్రింట్ ఇచ్చాడు. అందులో ఆయన పెదాలు లిప్‌స్టిక్ వేసినట్టు ఎర్రగా ఉన్నాయి. నాన్న అది చూసి ఏమీ అనలేదు. బోర్లా పెట్టేశాడు. స్కెచ్ పెన్నులు ఎండిపోయాయి, గమ్ మూత ఊడిరాదు, మా ఆయన ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టి, "గోల్స్ లెక్క చూస్తే తేలిపోతుంది కదా, ఇంత రభస ఎందుకు" అని ఉచిత సలహా ఒకటి పారేసి స్నానానికి వెళ్లిపోయాడు.

గోల్స్ లెక్క దగ్గరే చిక్కొచ్చి పడింది. అప్పటి మేటి ఎవరన్న ప్రశ్నే లేదు, నాన్న ఉండగా ఇంకో పేరు రాసే ధైర్యం ఎవరికుంది. ఇప్పటి మేటికి హర్మన్‌ప్రీత్ పేరు రాస్తాడనుకున్నాను. ప్యారిస్ ఒలింపిక్స్‌లో పది గోల్స్ కొట్టాడు, స్పెయిన్ మీద కాంస్యం మ్యాచ్‌లో రెండూ అతనివే, పట్టికకి బంగారంలా సరిపోతాడు. మా వాడు శ్రీజేష్ అన్నాడు. పెన్సిల్‌తో "కొట్టిన గోల్స్" గడిలో 0 వేశాడు కూడా. ఆ సున్నా పక్కన ధ్యాన్‌చంద్ వందల గోల్స్ ఎలా కనిపిస్తాయో ఊహించుకోండి. టీచర్ తప్పు కొడుతుందేమో అన్నాను. "అమ్మా, గోల్‌కీపర్ పని గోల్ కొట్టడం కాదు" అన్నాడు, నాకేదో తెలియనట్టు.

అన్నాల దగ్గర నాన్న మొదలుపెట్టాడు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్, అయిదు మ్యాచ్‌లు, మనవి 29 గోల్స్, అందులో ధ్యాన్‌చంద్‌వి 14. 1932 లాస్ ఏంజిలిస్, అమెరికా మీద 24-1. ఆ ఒక్క గోల్ కూడా మన గోల్‌కీపర్ ఆలెన్ పక్కకెళ్లి ఆటోగ్రాఫ్‌లు ఇస్తుంటే పడిందని చెప్పుకుంటారు. ఈ కథ నేను కనీసం నలభై సార్లు విన్నాను, ప్రతిసారీ ఆ ఆటోగ్రాఫ్ దగ్గర నాన్న ఆగి మా మొహాలు చూస్తాడు. మేం నవ్వాలి. ఇవాళ చిన్నోడు నవ్వలేదు. ఫోన్‌లో చూసి చెప్పాడు, ఆ ఒలింపిక్స్‌లో హాకీ ఆడింది మూడే దేశాలట, మనం, జపాన్, అమెరికా. రెండు మ్యాచ్‌లూ ఓడిన అమెరికాకి కాంస్యం వచ్చిందట. ఆ తర్వాత అన్నాడు పైన రాసిన మాట.

నాకు చిన్నోడి మీదే కోపం వచ్చింది ముందు. పెద్దాయనతో ఆ పెడసరం ఏంటి అని కేకలేశాను. వాడు, "నేను అబద్ధం చెప్పానా?" అన్నాడు. చెప్పలేదు. అందుకే ఇంకో రెండు కేకలు వేశాను.

పడుకుందామని లైటు తీశాక నాన్న చిటికెన వేలు గుర్తొచ్చింది.

నాన్న కుడిచేతి చిటికెన వేలు రెండో కణుపు దగ్గర బయటికి వంగి ఉంటుంది. టీ గ్లాసు పట్టుకుంటే అది ఒక్కటీ గ్లాసుకి అంటుకోకుండా పక్కకి నిలబడుతుంది, ఏదో నవాబుల ఇంట్లో టీ తాగుతున్నట్టు. మా అమ్మ ఎగతాళి చేసేది. అది లాలాగూడ గ్రౌండ్‌లో విరిగింది. నాన్న రైల్వే వర్క్‌షాప్ జట్టులో పెనాల్టీ కార్నర్లకి, అంటే గోల్ దగ్గర ఒక జట్టు తప్పు చేస్తే ఎదుటి జట్టుకి దొరికే అవకాశానికి, బంతి ఆపేవాడు. ఇప్పటి పిల్లలకి చెప్తే నమ్మరు, అప్పట్లో బంతిని చేత్తో ఆపేవాళ్లు. గోల్ లైన్ దగ్గర్నుంచి ఒకతను బంతి తోస్తాడు. గోల్ ముందు గీసిన సర్కిల్ అంచున నాన్న ఒంగి, అరచెయ్యి నేలకి ఆనించి, వచ్చే బంతిని కదలకుండా ఆపాలి. ఆపిన మరుక్షణం చెయ్యి లాగేసుకోవాలి, ఎందుకంటే కొట్టేవాడి కర్ర అప్పటికే పైకి లేచి ఉంటుంది. ఆగిన బంతి ఆవగింజంత కదిలినా కొట్టేవాడు గురి తప్పి నాన్నని తిడతాడు. గోల్ పడితే మాత్రం పేరు కొట్టినవాడిదే. ఆపినవాడి పేరు ఎక్కడా రాయరు.

ఆ గ్రౌండ్‌లో గడ్డి కంటే గులకరాళ్లే ఎక్కువ. నాకు పదేళ్లప్పుడు, బార్సిలోనా ఒలింపిక్స్ ఏడాది, ఒక సాయంత్రం నన్ను అక్కడికి తీసుకెళ్లి చేత్తో ఆపడం నేర్పించాడు. అప్పటికే ఆ పద్ధతిని రూల్స్‌లోంచి తీసేసి చాలా ఏళ్లయింది. నాకేం తెలుసు. ఎర్ర దుమ్ములో గొంతుక్కూర్చుని, అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకున్నాను. "కళ్లు తెరువు, బంతిని చూడు, కర్రని చూడకు" అని అరుస్తున్నాడు నాన్న. బంతి గులకరాయి మీద తగిలి ఎగిరి నా మోచేతికి కొట్టుకుంది. ఏడుస్తూ ఇంటికొచ్చాను. అమ్మ పసుపు రాస్తూ నాన్నని తిట్టిన తిట్లు మూడు క్వార్టర్ల అవతలికి వినిపించాయి. ఆ రాత్రి నాన్న నా మంచం పక్కన కూర్చుని, "మొదటి రెండూ బానే ఆపావు" అన్నాడు. మొదటి రెండు బంతులు నా వరకూ రానే లేదు, గుంటలో పడి ఆగిపోయాయి. ఆ సంగతి నేను ఇప్పటికీ చెప్పలేదు.

ఇన్నేళ్లలో ఎప్పుడూ తట్టలేదు గానీ, నాన్న చేసిన పని ఇప్పుడు ఆటలోనే లేదు. ఇప్పుడు కార్నర్ పడితే కర్రతోనే ఆపుతారు, హర్మన్‌ప్రీత్ లాంటివాడు బంతిని కర్ర వంపులో ఈడ్చుకొచ్చి విసురుతాడు. నేరుగా కొడితే గోల్ లోపల అడుగున ఉండే పలక ఎత్తు, అంటే 46 సెంటీమీటర్లు దాటకూడదు. ఈడ్చి విసిరితే పైమూలకైనా పంపొచ్చు. నీళ్లు చల్లిన నీలం టర్ఫ్ మీద బంతి జారినట్టు పోతుంది. 1976 మాంట్రియల్‌లో మొదటిసారి ఒలింపిక్ హాకీని ఆ కృత్రిమ గడ్డి మీద ఆడించారు, మనం ఏడో స్థానంలో తేలాం. అంతకు ముందు ఏడాదే కౌలాలంపూర్‌లో ప్రపంచకప్ గెలిచిన దేశం. మన గడ్డి మీద చిన్న చిన్న పాసులతో, మణికట్టు తిప్పి ఆడిన ఆట అక్కడ చెల్లలేదు. ఇంకో ఆట నేర్చుకోవాల్సి వచ్చింది, నేర్చుకునేసరికి నాకు పెళ్లై పిల్లలు పుట్టారు. మధ్యలో 2008కి అసలు అర్హతే రాలేదు, 2012లో 12 జట్లలో పన్నెండోది.

కాబట్టి చిన్నోడిదే రైటు అని రాద్దామనుకుని మళ్లీ కూర్చున్నాను. రాస్తుంటే సగంలో మనసు మారింది.

వాడన్న అమెరికా మాట నిజమే. కానీ 1936 బెర్లిన్ సంగతి వాడి ఫోన్ చెప్పలేదేం? అక్కడ జట్లు చాలానే వచ్చాయి. అసలు పోటీలకి ముందు ప్రాక్టీస్ మ్యాచ్‌లో జర్మనీ చేతిలో 4-1తో ఓడాం. అదే జర్మనీని ఫైనల్లో 8-1తో కొట్టాం. ఆ టోర్నీ మొత్తంలో మన మీద పడ్డ గోల్ అదొక్కటే. ఎదుటివాళ్లకి ఆట రాదనే వాదన అక్కడ పనికిరాదు. మళ్లీ నా బుద్ధి ఇంకోవైపు లాగింది. నాన్న మాత్రం ధ్యాన్‌చంద్ ఆట చూశాడా? నాన్న పుట్టింది 1954లో. అప్పటికి ఆయన ఆట మానేసి, ఆత్మకథ రాసి రెండేళ్లయింది. నాన్నకున్నదంతా తాతయ్య చెప్పింది, ఆ తాతయ్యా పేపర్లో చదివిందే. నాన్న నిజంగా గుండెల్లో పెట్టుకున్నది ధ్యాన్‌చంద్ కొడుకు అశోక్ కుమార్‌ని. 1975 మార్చి 15, పాకిస్తాన్ మీద ప్రపంచకప్ ఫైనల్, జస్‌దేవ్ సింగ్ హిందీ కామెంటరీ, వర్క్‌షాప్ గేటు బయట టీ బండి దగ్గర ట్రాన్సిస్టర్. అశోక్ కుమార్ కొట్టిన బంతి పోల్‌కి లోపలివైపు తగిలి బయటికొచ్చిందా, గోలేనా అని పాకిస్తాన్ వాళ్లు గొడవపడ్డ ఆ గోల్ నాన్న చూడలేదు, విన్నాడు. విన్నది యాభై ఏళ్లలో చూసినదానికంటే బాగా కనిపించడం మొదలుపెట్టింది.

నేను మాత్రం? నాకు మేటి అంటే ముఖేష్ కుమార్. మన హైదరాబాద్ వాడు, బార్సిలోనా, అట్లాంటా, సిడ్నీ, మూడు ఒలింపిక్స్. చిన్నోడికి ఆ పేరే తెలియదు! ఇది నిజంగా మనసుకి నొప్పి. సిడ్నీలో ఇంకో రెండు నిమిషాలు నిలబడితే సెమీస్, పోలెండ్ గోల్ కొట్టి 1-1 చేసింది. నాన్న రెండ్రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఇప్పుడు హాకీ ఇండియా లీగ్‌లో హైదరాబాద్ తూఫాన్స్ అని జట్టుంది, దాని మ్యాచ్‌లేమో వేరే రాష్ట్రాల్లో. ఊరి పేరు మనది, చూసే భాగ్యం వాళ్లది. సరే, అది ఇంకో రోజు.

అసలు విడ్డూరం ఏంటంటే శ్రీజేష్ అంటే నాన్నకి పడదనుకుంటే పొరపాటు. 2021 ఆగస్టు 5 పొద్దున, టోక్యో, జర్మనీ మీద కాంస్యం మ్యాచ్. 1-3 నుంచి లేచి 5-4 చేశాం. చివర్లో ఆరేడు సెకండ్లుండగా వాళ్లకి పెనాల్టీ కార్నర్. నాన్న కుర్చీలోంచి లేచి టీవీకి వీపు తిప్పి నిలబడ్డాడు. "ఆపాడా? ఆపాడా?" అని అడుగుతున్నాడు గోడని. ఆపాడు. శ్రీజేష్ గోల్‌పోస్ట్ ఎక్కి కూర్చుంటే మా నాన్న తలుపు పట్టుకుని ఏడ్చాడు, ఆ వంకర వేలితో కళ్లు తుడుచుకుంటూ. చిన్నోడు అప్పుడు మూడో తరగతి కూడా కాదు. తాతయ్య ఏడవడం వాడు మొదటిసారి చూసింది ఆ రోజే. వాడు ఇవాళ శ్రీజేష్ పేరు ఎందుకు రాశాడో నాకు ఇప్పుడు, ఈ లైను టైపు చేస్తుంటే, అనుమానం వస్తోంది. రేపు అడగను. అడిగితే "అదేం లేదు" అంటాడు.

అప్పటి మేటి గడిలో శంకర్ లక్ష్మణ్‌ని రాయమని చెప్పాల్సిందేమో. మెల్‌బోర్న్, రోమ్, అప్పటి టోక్యో ఒలింపిక్స్ ఆడిన గోల్‌కీపర్. 1956లో, 1964లో పాకిస్తాన్‌తో ఫైనల్స్ రెండూ 1-0, అంటే రెండిట్లోనూ ఒక్క బంతిని కూడా లోపలికి పోనివ్వలేదు. ముఖానికి హెల్మెట్ లేని రోజులు. అప్పుడు రెండు సున్నాలు పక్కపక్కన ఉండేవి, టీచర్ ఏం చేస్తుందో చూసేదాన్ని. ఇప్పుడు మార్చడానికి ఫొటో లేదు, జిరాక్స్ షాపు మూసేశారు.

ఆ అడుగు గడి ఖాళీగానే ఉంది. వదిలెయ్యమని చెప్తాను. మార్కులు తగ్గితే తగ్గుతాయి.

ఇందాక హాల్లో నేల మీద కూర్చుని టెన్నిస్ బంతిని గోడకి దొర్లించి, తిరిగొస్తుంటే అరచేత్తో ఆపి చూశాను. నాలుగుసార్లు. ఒక్కటీ నిలవలేదు, నున్నటి టైల్స్ మీద కూడా. నాన్న గది తలుపు కింద లైటు వెలుగుతోంది, చప్పుడుకి లేచాడో, అసలు పడుకోలేదో. అన్నం మానేసి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి నా కర్ర ఎక్కడుందే అని అడిగాడు, వాడికి చూపిస్తానని. అటక మీదే ఉంటుంది నాన్నా అన్నాను. ఉగాదికి మా ఆయన దానికి పాత లుంగీ చుట్టి ఫ్యాన్ల మీద బూజు దులిపాడు. ఆ లుంగీ ముక్క దానికింకా అలాగే ఉండి ఉంటుంది. పొద్దున నాన్న లేవకముందే విప్పెయ్యాలి.